లాండ్రీ అత్తయ్య ఎవరిది?

జిరాక్స్ షాపు పైగది,
జూన్

బుర్రా,

బతికే ఉన్నావా? ఉంటే ఈ ఉత్తరం చదివి కాస్త కోపం తెచ్చుకో. లేకపోతే నీ వాటా కోపం కూడా నేనే పడాల్సొస్తుంది.

మన లాండ్రీ అత్తయ్యని ఎవడో ఎత్తుకుపోయాడు. నిన్న కింద షాపులో జిరాక్సులు తీసే అమ్మాయి చెవుల్లో తీగలు పెట్టుకుని తనలో తను నవ్వుకుంటోంది. ఏంటమ్మా సంగతి అంటే, "భలే కథండీ! లాండ్రీ నడిపే ఒకావిడ బట్టల మీద మరకలు చూసి హంతకుల్ని పట్టేస్తుంది" అంది. ఒక తీగ తీసి నా చెవిలో పెట్టింది. మన మొదటి నవల, మొదటి పేజీ. వారపత్రిక ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఇద్దరం కొట్టుకుంటూ రాసిన పేజీ. దాన్ని ఒక మగమనిషి పాకంలో ముంచి తీసిన గొంతుతో చదువుతున్నాడు. ఆయనగారి పేరు 'స్వరమిత్ర'ట. ఎవరికి మిత్రుడో మరి, మనకైతే కాదు.

రచయిత్రుల పేర్లు ఎక్కడా లేవు. వీడియో కింద ఎవరో "సార్, ఇంత గొప్పగా ఎలా రాస్తారు సార్?" అని అడిగారు. దానికి ఆయన జవాబు, జోడించిన రెండు చేతుల బొమ్మ. అవుననలేదు, కాదనలేదు. దణ్ణం పెట్టి మరీ దొంగతనం చేసేవాణ్ణి ఇప్పుడే చూశాను.

ఊరుకోలేక ఆ మహానుభావుడికి రాశాను. "అమ్మా, మీ పుస్తకాలు బజార్లో దొరకడం లేదు. నేను సాహిత్య సేవ చేస్తున్నాను. మీలాంటివాళ్ళు నాకు థాంక్స్ చెప్పాలి" అని జవాబిచ్చాడు. సేవట! సరిగ్గా హత్య జరిగే చోట మోకాళ్ళ నొప్పుల నూనె ప్రకటన వస్తుంది ఆ సేవలో.

నా సంగతి చెప్పాలంటే, డబ్బింగ్ స్టూడియోలో పని ఇంకా ఉంది, అది పని అనుకుంటే. ఇదివరకు పరాయి భాష సీరియళ్ళకి పెదాల కదలికని బట్టి మాటలు రాసేదాన్ని కదా. ఇప్పుడు యంత్రం రాస్తుంది, నేను దాని ముక్కు తుడుస్తాను. మొన్న మొగుడు పోయిన ఆవిడ చేత "నీ నష్టానికి క్షమించు" అనిపించింది యంత్రం. మార్చాను. మేనేజరు వచ్చి, "చిన్న చిన్న తప్పులు వదిలెయ్యండి మేడం, ఎవరూ పట్టించుకోరు" అన్నాడు.

ఒక లాయరుని చూశాను. అట్ట మీద మన జంట పేరుంది కాబట్టి నోటీసు మీద నీ సంతకం కూడా ఉంటే మంచిదన్నాడు. కాగితం ఇందులో పెట్టాను. మనల్ని చూసి ఎడిటరుగారు "బుర్రా నోరూ కలిసొచ్చాయి, కుర్చీలు వెయ్యండి" అనేవారు గుర్తుందా? కథ పన్నే బుర్రవి నువ్వు. ఒక్కసారి ఆ బుర్ర వాడి సంతకం పెట్టు.

ఫోను ఎందుకు చెయ్యలేదంటావేమో. ఫోనులో "ఊఁ" అని పెట్టేస్తావు నువ్వు. కాగితమైతే కనీసం నాలుగు వాక్యాలు రాయక తప్పదు.

ఇట్లు,
నీ నోరు


డ్రైవింగ్ స్కూలు,
జూన్ ఆఖరు

నోరూ,

బతికే ఉన్నాను. నిన్న ఒక పళ్ళ డాక్టరు రివర్సు నేర్చుకుంటూ మా గేటుని పడగొట్టాడు. పన్ను పీకినంత సుళువుగా పీకేశాడు. దాన్ని నిలబెట్టించే పనిలో ఉన్నాను.

నీ కాగితం మీద సంతకం పెట్టలేదు. వదిలెయ్. ఆ నవలలు వేసిన పబ్లిషరు దుకాణం మూసేసి ఎన్నాళ్ళయింది? నా దగ్గరున్న కాపీలు చెదలు తిన్నాయి. చెదల మీద నోటీసు ఇచ్చామా? ఇన్నాళ్ళకి ఎవరో ఒకరు వింటున్నారు. వింటే అరిగిపోతాయా?

నీకు మొదట్నుంచీ కోపం తెచ్చుకోవడం ఒక వ్యాయామం. ఆరోగ్యానికి మంచిదే కానీ లాయరు ఫీజు దండగ.

మా ఆయన బాగానే ఉన్నారు. ఈమధ్య బండి నడపడం మానేశారు. నేర్పేదంతా నేనే.

బుర్ర


జిరాక్స్ షాపు పైగది,
ఆగస్టు

బుర్రా,

నువ్వు సంతకం పెట్టకపోయినా నా ఒక్కదాని పేరుతో నోటీసు పంపించాను. స్వరమిత్ర జవాబు పంపాడు. కాగితం కాదు. నీ గొంతు.

లాయరుగారి గదిలో, ఆయనా, ఆయన గుమాస్తా, టీ తెచ్చినావిడా వింటుండగా టేబుల్ మీద ఫోను పెట్టి వినిపించారు. వాడు ఎప్పుడో నీకు ఫోన్ చేసి అనుమతి అడిగాడు. అడుగుతూ రికార్డు చేసుకున్నాడు. "చదువుకో నాయనా, ఆవిడేమీ అనుకోదు" అన్నావు. అక్కడితో ఆగినా బాగుండేది. "అసలు కథంతా నాదే. ఆవిడ మాటలు అల్లేది" అన్నావు.

అల్లేదా? నేనేమైనా బుట్టలల్లానా? గుమాస్తా నా మొహం చూసి తల దించుకున్నాడు. అంత జాలి నా మీద ఎవరూ ఎప్పుడూ పడలేదు, నేనంటే పడని సమీక్షకులు కూడా.

నేను జూన్‌లో ఉత్తరం రాసినప్పుడు నీకు అన్నీ తెలుసు. తెలిసే గేటు గురించీ పళ్ళ డాక్టరు గురించీ రాశావు. చెదల గురించి హాస్యమాడావు. నీ కథల్లో కూడా అంతేగా, హంతకురాలు ఎప్పుడూ వంటింట్లో తాపీగా కూరలు తరుగుతూ ఉంటుంది.

సరే, నీకో శుభవార్త. జంటగా రాసిన పుస్తకానికి ఒకరు అనుమతిస్తే చెల్లదన్నాడు లాయరు. ఇంకో మాట కూడా చెప్పాడు. కథ అనేది ఒక ఆలోచన. ఆలోచన మీద ఎవరికీ హక్కుండదు. దాన్ని ఏ మాటల్లో రాశారో, ఆ రాసిన తీరు మీదే కాపీరైట్ అంతా. అర్థమైందా? చనిపోయింది ఎవరు, చంపింది ఎవరు, మరక సిరాదా రక్తానిదా, ఇదంతా గాలి. చట్టం దృష్టిలో నువ్వు పన్నింది గాలి. నేను అల్లిందే ఆస్తి.

వీడియోలు తీసేశాడు. గెలిచాను.

నోరు


డ్రైవింగ్ స్కూలు,
ఆగస్టు

గౌరవనీయులైన రచయిత్రిగారికి,

మీ ఉత్తరం అందింది. చట్టం చెప్పినందుకు కృతజ్ఞతలు. గాలికి వాటా అక్కర్లేదు. పుస్తకాలన్నీ మీవే. కావాలంటే ఆ సంగతి కాగితం మీద రాసిస్తాను.

ఆ అబ్బాయి ఫోన్ చేసినప్పుడు నేను ఆసుపత్రి వరండాలో ఉన్నాను. ఈయనకి చూపు పోతోంది. అంచుల నుంచి మొదలై మధ్యకి వస్తోంది. ఊరందరికీ బండి నేర్పిన మనిషి, ఇప్పుడు నా పక్కసీట్లో కూర్చుని "లారీ వస్తోందా?" అని నన్నడుగుతున్నారు. మీకెందుకు చెప్పలేదంటే, మీరు దాన్ని అందంగా రాసి పంపిస్తారని భయం. నాకు అప్పుడు అందం అక్కర్లేకపోయింది.

పెళ్ళయినప్పట్నుంచీ మన పుస్తకం ఒక్క పేజీ చదివిన మనిషి కాదు. "హత్యలెందుకే, హాయిగా ఏదైనా వంటల పుస్తకం రాసుకోకూడదూ" అనేవారు. ఆ అబ్బాయి గొంతు రోజూ చదువుతుంటే చెవి ఒగ్గి విన్నారు. ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటిసారి నవ్వారు. అత్తయ్య ఇన్‌స్పెక్టరు చొక్కా కాలరు పట్టుకుని తిట్టే చోట. ఆ నవ్వు కోసం, చదివేవాడు నా ఇల్లు రాసిమ్మన్నా ఇచ్చేదాన్ని. వాడు నవలే అడిగాడు.

కథ నాదేనని అన్న మాట నిజం. అది అబద్ధమైతే కోర్టులో నిరూపించండి.

మీ నోటీసు పుణ్యమా అని మూడో నవల మధ్యలో ఆగిపోయింది. ఆయన రోజూ ఫోను నా చేతికిచ్చి "ఇవాళైనా పెట్టాడేమో చూడు" అంటారు. గెలిచినందుకు అభినందనలు.

ఇట్లు,
డ్రైవింగ్ స్కూలు యజమానురాలు


జిరాక్స్ షాపు పైగది,
అక్టోబరు

బుర్రా,

నీ ఉత్తరం టేబుల్ మీద పెట్టుకుని ఇన్నాళ్ళూ దాని చుట్టూ తిరిగాను. తిట్టు, కొట్టు, 'మీరు' అని మాత్రం అనకు. నన్ను 'మీరు' అనేది కరెంటు బిల్లువాళ్ళూ, ఇల్లు ఖాళీ చెయ్యమనే ఓనరూనే.

అన్నయ్యగారి గురించి ఏం రాసినా అందంగా రాశానంటావని ఏమీ రాయడం లేదు. అది చాలా కష్టంగా ఉందని మాత్రం తెలుసుకో.

ఇప్పుడు చెప్పేది లాయరు చెప్పిన రెండో సగం. పోయినసారి నీకు కావాలనే రాయలేదు. "అయితే మీ ఇద్దరి పని విడదీయలేం, ఏ వాక్యం ఎక్కడ ఆగాలో కూడా ఆవిడే చెప్పారంటున్నారు కదా" అన్నాడు. నువ్వూ సమానంగా హక్కుదారువే. నేను గాలి అన్నది ఒంటి మీద గాయంతో అన్నాను. నువ్వు రాయడం మానేసి డ్రైవింగ్ స్కూలుకి వెళ్ళిపోయాక నేనొక్కదాన్నే ఒక నవల మొదలుపెట్టాను, నీకు తెలీదు. సగం పుస్తకం దాకా వాన పడుతూనే ఉంది, ఎవరూ చావలేదు. చివరికి నేనే చచ్చిపోతానేమోనని ఆపేశాను.

ఇక అసలు విషయం. స్వరమిత్ర వీడియోల కింద చేరిన జనాన్ని చూసి ఒక వెబ్ సిరీస్ కంపెనీ నన్ను పిలిచింది. ఆఫీసంతా అద్దాలు. కూర్చోవడానికి కుర్చీలు లేవు, గింజలు నింపిన సంచులున్నాయి. అందులో కూర్చున్నాక లేవాలంటే ఇద్దరు పట్టి లాగాలి, బేరం మధ్యలో లేచి వెళ్ళకుండా అనుకుంటా. అక్కడ కంటెంట్ హెడ్ అని ఒకాయన. కథల్ని కంటెంట్ అనే మనిషిని ఆ విభాగానికి తల చేశారు. మన పుస్తకం ఒక్కటీ చదవలేదు, 'సమ్మరీ' చదివాడట. "మీ భాష మాకు అక్కర్లేదు మేడం, అది మేం మార్చేసుకుంటాం. మాకు కావాల్సింది ఆ కారెక్టరూ, ప్లాట్లూ. వాటిని సాఫ్ట్‌వేరుకి నేర్పిస్తే మిగతా సీజన్లు అదే రాస్తుంది" అన్నాడు. నా ఎదురుగా, నాకు కాఫీ ఇచ్చి మరీ.

చూశావా? నేను ఆస్తి అన్నది వాళ్ళకి చిత్తుకాగితం. నేను గాలి అన్నదానికి వాళ్ళు వెలకట్టారు. నవ్వుకో. నీకా హక్కుంది.

ఒప్పందం కాగితాలు చదివాను. "ఇప్పుడున్న, ఇకముందు కనిపెట్టబోయే సమస్త మాధ్యమాల్లోనూ, విశ్వమంతటా" హక్కులు వాళ్ళవేనట. రేపు అత్తయ్య శనిగ్రహం మీద బట్టలుతికినా మనం అడగడానికి లేదు. ఇద్దరి సంతకాలూ కావాలి. పెద్ద మొత్తమే ఇస్తారు. అబద్ధం చెప్పను, నాకు అవసరం. స్టూడియోలో ముక్కు తుడిచే పని కూడా పోయింది, యంత్రానికి జలుబు తగ్గిందట. నీకూ ఆసుపత్రి ఉంది.

వచ్చేవారం మళ్ళీ రమ్మన్నారు. వస్తావా? సంతకం పెట్టమని పిలవడం లేదు. పక్కన కూర్చోమని పిలుస్తున్నాను.

నోరు


జిరాక్స్ షాపు పైగది,
అక్టోబరు ఆఖరు

బుర్రా,

నిన్న ఆ అద్దాల ఆఫీసులో నిన్ను ఒంటరిగా వదిలేసి వచ్చేసినందుకు నన్ను నేనే తిట్టుకుంటున్నాను. టైటిల్స్‌లో మన పేర్లుండవు, 'సృష్టి: కంపెనీ' అని ఉంటుందని ఆ కంటెంట్ హెడ్ అనేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏదో ఒక మూల వేస్తాం లెండి, పేరు వల్ల ఏమొస్తుంది మేడం?" అన్నాడే, "పేరు వల్ల ఏమీ రాకపోతే నీ పేరు తలుపు మీద ఎందుకు రాసుకున్నావురా?" అని అడిగి వచ్చేశాను. ఆ సంచిలోంచి లేవడానికి పడ్డ అవస్థలో ఆ మాటకున్న గౌరవమంతా పోయిందనుకో.

బస్టాపులో నీకోసం చూశాను. నువ్వు రాలేదు. బస్సొచ్చింది, ఎక్కేశాను. రోషం దిగేసరికి నా వీధి వచ్చేసింది.

నేను వచ్చేశాక లోపల ఏం జరిగింది? సంతకం పెట్టావా? పెట్టి ఉంటే ఒక్క మాటా అనను. అన్నయ్యగారి కళ్ళ కంటే అత్తయ్య ఎక్కువ కాదు. నా సంతకం కూడా పంపిస్తాను. దాచకుండా రాయి.

నోరు


డ్రైవింగ్ స్కూలు,
నవంబరు

నోరూ,

దాచకుండా రాస్తున్నాను.

నువ్వు వెళ్ళగానే ఆ కంటెంట్ హెడ్ గొంతు తగ్గించి, "కథలన్నీ మీవేనట కదా మేడం, ఆ రికార్డింగు మేమూ విన్నాం. మీరొక్కరే ఒప్పుకోండి, మొత్తం డబ్బు మీకే ఇచ్చేస్తాం. ఆవిడ సంగతి మా లాయర్లు చూసుకుంటారు" అన్నాడు. మొత్తం అంటే ఈయన వైద్యానికి సరిపోయి ఇంకా మిగిలేంత. నేను వెంటనే కాదనలేదు. ఆ మాట నీకు తెలియాలి. కలం తీసుకున్నాను కూడా.

అంతలో నన్ను మురిపిద్దామని కాబోలు, "చూడండి మేడం, మీ సమ్మరీలన్నీ దీనికి నేర్పించాం" అని కంప్యూటరు తిప్పి చూపించాడు. ఏదో నొక్కాడు. లాండ్రీ అత్తయ్య కొత్త కథ, అప్పటికప్పుడు, చకచకా పడిపోయింది. చదివాను. కథ బాగానే పన్నింది. దుప్పటి మీద మరక, తప్పుడు సాక్షి, చివర్లో మలుపు. అన్నీ నా ఎత్తులే, నేను ఆ వయసులో పన్నినట్టే ఉంది. ఎక్కడా తప్పు పట్టడానికి లేదు. కానీ అత్తయ్య లేదు. ఒకావిడ వచ్చి మరక చూసి హంతకుడి పేరు చెప్పి వెళ్ళిపోయింది. అది ఎవరైనా చెయ్యొచ్చు.

"ఎలా ఉంది మేడం? అచ్చం మీరు రాసినట్టే ఉంది కదా?" అన్నాడు.

"అవును బాబూ, అచ్చం నేను రాసినట్టే ఉంది. అందుకే ఇంత చెత్తగా ఉంది. నేను ఇలాంటివి రాసి ఇస్తే ఆవిడ తీసుకెళ్ళి మనుషుల్ని చేసి తెచ్చేది" అన్నాను.

వాడికి అర్థం కాలేదు. "అంటే ఓకేనా మేడం?" అన్నాడు.

కలం వాడి టేబుల్ మీదే పెట్టి వచ్చేశాను. నాలుగు అడుగులు వేశాక డబ్బు గుర్తొచ్చింది. మళ్ళీ లోపలికెళ్ళిపోతానేమోనని భయమేసి లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగాను. అందుకే బస్టాపుకి ఆలస్యమైంది. నువ్వు లేవు. నీ రోషానికి ఎప్పుడూ బస్సు సమయానికి దొరుకుతుంది.

ఆ రికార్డింగులో అన్న మాట గొప్ప కోసం అన్నాను. నాకు గొప్పలు చెప్పుకోవడానికి ఇంకేం మిగిలింది? నిన్ను అవమానించాలని కాదు.

బుర్ర


జిరాక్స్ షాపు పైగది,
ఫిబ్రవరి

బుర్రా,

చూశావా, ఆ కంపెనీ సిరీస్ వచ్చేసింది. పేరు 'డ్రైక్లీనింగ్ ఆంటీ'. మరకలు చూసి హంతకుల్ని పడుతుంది. అత్తయ్యని ఆంటీ చేశారు, లాండ్రీకి డ్రైక్లీనింగ్ అన్నారు, చట్టానికి కడుపు నిండింది. లాయరుని అడిగితే, "వాళ్ళు మీ వాక్యం ఒక్కటి వాడితే పట్టుకునేవాణ్ణి, ఒక్కటీ వాడలేదు" అన్నాడు. నిజంగానే వాడలేదు. సిరీస్ మొత్తం మీద ఒక్క వాక్యం కూడా లేదు, ఉన్నవన్నీ డైలాగులే. ఆంటీ ప్రతి శవం దగ్గరా జుట్టు ఎగరేసి "మరక మాట్లాడుతుంది" అంటుంది. ఆ నటి చేతులు చూశావా? జన్మలో ఒక్క రుమాలు ఉతికిన చేతులు కావు.

జనం చూస్తున్నారు. అది రాయకపోతే నీకు నిజం దాచినట్టవుతుంది. జిరాక్స్ షాపు అమ్మాయి కూడా చూస్తోంది. "మీ అత్తయ్య కథే బాగుందండీ, కానీ ఇది కూడా టైం పాస్" అంది. ఇద్దరం జీవితం పోసి చేసిన మనిషికీ టైం పాస్‌కీ మధ్య ఉన్న తేడా 'కానీ' అన్న మాట.

ఇక నా ఉద్యోగ విజయాలు. ఒక బట్టల సబ్బు కంపెనీకి ప్రకటనలు రాశాను. బాగున్నాయన్నారు. మర్నాడు వాటినే యంత్రానికి ఇచ్చి 'ఇలాంటివే ఇంకో వంద' అడిగారట, నాతో పనైపోయింది. అద్దెకి గడువు అడిగాను. ఓనరు, "మీరు రైటరు కదండీ, సినిమాల్లో బోలెడు ఇస్తారుగా" అన్నాడు.

నువ్వు గది ఉంది రమ్మని ఫోనులో అన్నావు. జాలిపడి పిలిస్తే రాను. ముందే చెప్తున్నాను.

నోరు


డ్రైవింగ్ స్కూలు,
మార్చి

నోరూ,

నీ మీద జాలిపడే తీరిక నాకు లేదు. విను.

మా దగ్గర లైసెన్సు పరీక్షకి పాఠం చెప్పే మాస్టారు మానేశారు. గుర్తులూ, నిబంధనలూ, ఎవరికి ఎవరు దారివ్వాలీ, అదంతా నోటితో చెప్పే పని. పొద్దున క్లాసు. జీతం ఇస్తాను, ఎక్కువ కాదు కానీ అద్దె లేదు. రచయిత్రిగా బతకడానికి రోడ్డు గుర్తులు చెప్పుకోవాలా అని నువ్వు ఈసడిస్తావని తెలుసు. ఈసడించుకుంటూనే చెప్పు, పిల్లలు శ్రద్ధగా వింటారు. మధ్యాహ్నం నుంచి నీ సమయం నీది. నాకూ రెండు గంటలు దొరుకుతాయి. బల్ల ఒకటి తెప్పించాను, ఇద్దరికీ సరిపోయేది.

ఆయన చూపు ఇప్పుడున్నంత మేరకు నిలబడొచ్చన్నారు డాక్టరు. పోయింది తిరిగి రాదు. మొన్న మూడో నవల గురించి మళ్ళీ అడిగారు. స్వరమిత్ర మానేశాడు, నా కాపీ చెదలు తిన్నాయి, ఎక్కణ్ణుంచి తేను? రోజూ ఒక హంతకుణ్ణి ఊహించి నాకు చెప్పడం, నేను కాదనడం. విసుగొచ్చి నిన్న అసలు సంగతి చెప్పేశాను. చంపింది పియానో టీచరు, చొక్కా బొత్తాం దగ్గర దొరికిపోతుంది, అయిపోయింది, ఇక పడుకోండి అన్నాను.

ఆయన లేచి కూర్చుని, "ఎవరు చంపారో నాకెందుకే? అత్తయ్య ఆ సంగతి ఎలా చెప్పిందో అది కావాలి నాకు. ఆవిణ్ణి రమ్మను" అన్నారు.

అందుకని రమ్మంటున్నాను. నీ దగ్గరున్న మూడో నవల పట్టుకుని రా.

బుర్ర